అమ్మను ఆపిన గేటు

మల్కాపురంలో మా వాళ్లం చనిపోయినవాళ్లను పూడుస్తాం, కాల్చం. మా తాతలు, పెదనాన్నలు, నాన్న అందరూ ఒకే చోట ఉన్నారు. ఆ చోటు ఇప్పుడు ఒక కేంద్ర సంస్థ ప్రహరీగోడ లోపల ఉంది. గోడ కడుతున్నప్పుడు మాలో ఒక్కరూ అడ్డు చెప్పలేదు. పైగా సంబరపడ్డాం. ఇక గేదెలు సమాధులు తొక్కవు, తాగుబోతులు వాటి మీద కూర్చుని సీసాలు పగలగొట్టరు అనుకున్నాం. మా చిన్నాన్నయితే పునాది తీసిన రోజున కొబ్బరికాయ కొట్టి, మేస్త్రీలందరికీ టీలు పోయించాడు. గోడకు గేటుంటుందనీ, గేటుకు తాళముంటుందనీ, ఆ తాళంచెవి మన దగ్గర ఉండదనీ ఎవరికీ తట్టలేదు. అంత తెలివైనవాళ్లం.

నేను గవర్నమెంటు హైస్కూల్లో సోషల్ టీచర్ని. అధికారాల విభజన పాఠం ఏటా చెబుతాను. సైన్యం, రైళ్లు, పెద్ద ఓడరేవులు కేంద్రానివి. పోలీసులు, శ్మశానాలు రాష్ట్రానివి. పిల్లలు నిద్రపోకుండా ఒక జోకు కూడా వేసేదాన్ని: "ఢిల్లీ వాళ్లు మనల్ని ఏమైనా చెయ్యగలరు గానీ, పూడ్చిపెట్టలేరర్రా!" పగలబడి నవ్వేవాళ్లు.

మొన్న ఎండాకాలంలో, తెల్లారుతూనే అమ్మ పోయింది. మంచాన పడ్డ దగ్గర్నుంచి ఆవిడ అడిగింది ఒకటే, నాన్న పక్కన పెట్టమని. అలాగేనని అందరం మాటిచ్చాం.

పాడెతో గేటు దగ్గరికి వెళ్లేసరికి కాపలా జవాను అడ్డంగా నిలబడ్డాడు. హిందీలో, మర్యాదగానే మాట్లాడాడు. శవాన్ని లోపలికి పంపాలంటే రాష్ట్ర రెవెన్యూ వాళ్ల అనుమతి కావాలట. ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదే అంటే, ఆఫీసరు మారాడన్నాడు.

పాడెను రోడ్డు పక్కన దించి, ఆటో ఎక్కి తహసీల్దారు ఆఫీసుకు పరిగెత్తాను. అక్కడి అధికారి అంతా విని, "ఆ భూమి కేంద్రానికి ఎప్పుడో అప్పగించేశాం మేడం, మా చేతిలో ఏమీ లేదు" అన్నాడు. తిరిగొచ్చి, గోడ లోపలి ఆఫీసరును పిలిపించాను. "భూమి మాదే. కానీ శవాన్ని పూడ్చడమనేది రాష్ట్రం చూసుకోవాల్సిన విషయం. వాళ్లు ఒప్పుకోకుండా నేనెలా ఒప్పుకుంటాను?" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఇద్దరూ నా పాఠాన్నే నాకు అప్పజెప్పారు, ఒక్క తప్పు లేకుండా.

"ఓట్లడగడానికి రెండు ప్రభుత్వాల వాళ్లూ వస్తారు కదా, చచ్చాక మా అమ్మ ఎవరి మనిషి?" అని అరిచాను. ఆఫీసరు వాచీ చూసుకుని లోపలికి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నమైంది. పూడ్చి వచ్చేదాకా మా ఇళ్లల్లో పొయ్యి వెలిగించరు. పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారని కబురొచ్చింది. లారీలు పోతున్న ప్రతిసారీ దుమ్ము అమ్మ ముఖం మీద పడుతోంది. కొంగుతో తుడుస్తున్నాను, మళ్లీ పడుతోంది. చుట్టూ పెట్టిన ఐసు కరిగి రోడ్డు మీదికి కారుతోంది.

చిన్నాన్న వచ్చి నా భుజం మీద చెయ్యేశాడు. "ఇంక సాలమ్మా. ఆళ్లిద్దరూ తేల్సుకునేసరికి మీ యమ్మ మిగల్దు. మున్సిపాలిటీ శ్మశానానికి ఎల్లిపోదాం."

అక్కడ పూడ్చడానికి జాగా లేదు. గ్యాసు మీద కాల్చేస్తారు. ఆ సంగతి తెలిసే పాడె లేపాం.

మా వంశంలో మొదటిసారి ఒక మనిషిని కాల్చాం. ఏం చెయ్యాలో ఎవరికీ తెలియలేదు. పూడ్చేటప్పుడైతే తలా పిడికెడు మట్టి వేస్తాం. ఇక్కడ ట్రాలీ లోపలికి జరిగింది, ఇనుప తలుపు పడింది. వట్టి చేతులతో నిలబడ్డాం. నాకు ఏడుపు రాలేదు. కోపం ఒక్కటే ఉంది, ఇప్పటికీ అదే ఉంది.

బయట బెంచీ మీద మా మేనత్త కూర్చుని ఉంది. నాన్నకు అక్క, నడవలేని మనిషి, పొద్దున్నుంచీ పాడె వెనకే ఆటోలో వచ్చింది. ఆవిడ భర్త సమాధీ ఆ గోడ లోపలే ఉంది. అమ్మతో పోటీపడి మరీ, తనను ఆయన పక్కనే పెడతామని మాతో ఎన్నోసార్లు అనిపించుకుంది. మమ్మల్ని దగ్గరికి పిలిచింది.

"నాను సచ్చిపోతే ఆ గేటు కాడ ఎండలో పడీయకండర్రా. తిన్నగా ఇక్కడికే అట్టుకొచ్చీయండి."

మామయ్య సంగతి ఏమిటని ఎవరూ అడగలేదు. చిన్నాన్న తలూపాడు. నేనూ ఊపాను.