మేస్త్రీ డబ్బా

రంగుల మేస్త్రీకి వేళకు అలారం కొట్టే ఆ చేతి ఆర్గనైజర్‌ని చూస్తే ఒళ్లు మండేది. అద్దకం షెడ్డులో తొట్టిలోంచి బట్ట తీసే వేళకు ఇరవై ఏళ్లుగా గోడగంట మోగేది. తన మధ్యాహ్నం కునుకు చెడుతోందని యజమాని దాన్ని పీకించి, అరచేతిలో పట్టే ఈ యంత్రాన్ని మేస్త్రీ జేబులో పడేశాడు. బాయిలర్ హోరులో దాని అలారం దోమ పాటకన్నా పీలగా ఉండేది. సోమవారం అది వినబడక, నీలం బట్ట తొట్టిలోనే ఉండిపోయి నల్లగా తేలింది.

"చెవుడొస్తే చెప్పి చావొచ్చుగా!" అని పనివాళ్లందరి ముందూ యజమాని విరుచుకుపడ్డాడు.

మేస్త్రీ పళ్లు నూరుకున్నాడు. మర్నాడు ఆర్గనైజర్‌లో వైబ్రేషన్ పెట్టి, ఖాళీ రేకు డబ్బాలో గుప్పెడు నట్లు పోసి, వాటిమీద దాన్ని పడుకోబెట్టాడు. వేళయ్యేసరికి డబ్బా బాయిలర్‌ని మించి గోల పెట్టింది. బట్ట సమయానికి బయటికొచ్చింది.

అంతటితో అతని కసి తీరలేదు. మధ్యాహ్నం యజమాని గుర్రు పెడుతుండగా ఆ డబ్బాను ఆయన తల పక్కనే బల్లమీద పెట్టాడు. అది మోగగానే యజమాని కుర్చీతో సహా వెల్లకిలా పడ్డాడు.

"ఏం రోగమయ్యా నీకు?"

"చెవుడు లేదని చూపిద్దామని వచ్చానండీ," అన్నాడు మేస్త్రీ. "ఇద్దరికీ బాగానే వినబడింది. ఇక గంట తగిలిస్తారా, డబ్బా ఇక్కడే ఉంచమంటారా?"