గుంజకు వేలాడిన ఉద్యోగం

ఖమ్మంలో కూర్చుని దుబాయ్ కంపెనీకి పనిచేసే రోజుల్లో, ఓ శనివారం పర్ణశాల బయల్దేరాను. నన్ను ఉంచుతారో తీసేస్తారో మేనేజరు ఆ రోజే ఫోన్‌లో చెప్తానన్నాడు. తెలుగువాడే అయినా నాతో ఇంగ్లీషే మాట్లాడేవాడు. శుభవార్తలు మాత్రం ఏ భాషలోనూ చెప్పేవాడు కాదు.

అడవి అంచున భోజనానికి ఆగిన హోటల్లో, వాకిట్లోని గుంజ దగ్గరే సిగ్నల్. అందరి ఫోన్లూ దానికి వేలాడే సంచిలో ఉన్నాయి. నాదీ వేశాను. ఏది మోగినా దగ్గరున్నవాళ్లు ఎత్తడం అక్కడి పద్ధతట.

పప్పు కలుపుతుంటే నాది మోగింది. హోటలామె ఎత్తింది.

"అన్నం తింటుండు. తిన్నంక చేస్తడు." పెట్టేసింది.

"అమ్మా, అది నా నౌకరీ!"

"అయితే ఏంది? తినేటోణ్ణి లేపుతరా ఎవరన్న? కూసో, పెరుగేస్త."

పెరుగన్నం గబగబా ముగించాను. చేయి కడుక్కుని, గుంజ దగ్గరికెళ్లి ఫోన్ చేశాను.

"పెరుగన్నం కూడా తిన్నాకే లేచావా?" అన్నాడు మేనేజరు, తెలుగులో.

ఉద్యోగం ఉందని ఆ తర్వాత ఇంగ్లీషులో చెప్పాడు.