మా అరుణ కాదన్నది

నిన్న పొద్దున ముంబైలో గ్రాంట్ రోడ్ స్టేషన్ బయట చాయ్ తాగుతుంటే తమ్ముడి ఫోన్.

"అన్నా, అరుణ లేస్తలేదు."

గ్లాసు అక్కడే పెట్టి ఇంటికి వచ్చాను. నేను వచ్చేసరికి డాక్టర్ చూసి వెళ్ళిపోయాడు. నిద్రలోనే గుండె ఆగిందట.

కామాటిపుర చాల్‌లో, పక్కపక్క గదుల్లో, నా కళ్ళ ముందు పెరిగిన పిల్ల. తమ్ముడి కూతురైనా నా బిడ్డే.

ఈ రోజు దాని ఆఫీసువాళ్ళు ఫేస్‌బుక్‌లో దాని ఫోటో పెట్టారు. కింద "ఏ పనికీ నో అనలేదు" అని రాశారు. చుట్టాలు, స్నేహితులు, మీరంతా అదే షేర్ చేస్తున్నారు.

నాకు చదువు తక్కువ. కూడబలుక్కుని చదివాను. అసహ్యం వేసింది.

అరుణ లిఫ్టుల కంపెనీలో టెక్నికల్ రైటర్. లిఫ్టు ఎలా వాడాలి, ఎక్కడ చెయ్యి పెట్టకూడదు, జనానికి అర్థమయ్యేలా పుస్తకం రాయాలి. అంతే దాని డ్యూటీ.

రాయడం వచ్చు కదా అని అన్నీ దాని నెత్తిన పెట్టారు. కస్టమర్లకు జవాబులు. మరాఠీ తర్జుమా. దాని మేనేజర్ సాహెబ్ మీటింగ్ స్లైడ్లు. ఆఖరికి సాహెబ్ కొడుకు స్కూల్ స్పీచ్ కూడా.

ఒక ఆదివారం కుడిచేత్తో అన్నం, ఎడమచేత్తో లాప్‌టాప్.

"ఏమే, నువ్వు కంపెనీల ఉన్నవా, సాహెబ్ ఇంట్ల ఉన్నవా?" అన్నాను.

"రెండిట్ల ఉన్న పెద్దనాయనా. మనింట్లనే లేను."

నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

నేను మేస్త్రీని. గోడ కట్టేవాడితో ఇటుకలు మోయిస్తే గోడ వంకర పోతుంది. అద్దాల ఆఫీసుకు ఆపాటి బుద్ధి లేదు. థూ.

పోయిన వానాకాలం వాళ్ళ లిఫ్టు తలుపులో ఒక ముసలాయన చెయ్యి నలిగింది. పుస్తకంలో ఉన్నట్టు నడుచుకోలేదు, తప్పు ఆయనదే అని జవాబు రాయమన్నాడు సాహెబ్.

అరుణ చాల్ వరండాలో నా పక్కనే నిలబడి, సాహెబ్‌కు ఫోన్‌లో హిందీలో చెప్పింది. తలుపు దగ్గర జాగ్రత్త అని నేను పుస్తకంలో రాస్తే మీరే తీయించారు, ఇప్పుడు ఆయన తప్పని రాయను అని.

"నౌకరీ పోతదేమో బిడ్డా."

"పోనీ పెద్దనాయనా. మిషన్ ఎట్ల నడుస్తదో రాసుడు నా పని. మనిషిది తప్పని రాసుడు నా పని గాదు."

తర్వాత సాహెబ్ కోపంతో ఇంకా పని మోపాడు. మోసింది. ఆ జవాబు మాత్రం రాయలేదు.

నిన్న అదే సాహెబ్ పాడె పక్కన నిలబడి, "ఆమె పనికి ఇప్పుడు ముగ్గుర్ని పెట్టాలి" అన్నాడు.

పొగిడాననుకున్నాడు.

ఆ ఫోటో తీసేయండి. మా పిల్ల నో అన్నది. అనవలసిన చోట అన్నది.

హాయిగా పడుకో బిడ్డా. ఇక నీ మాట మేం చెప్తాం.