కుర్చీలు తిప్పిన కచేరీ

మొన్న మా మనవరాలు తీసుకువెళ్తే హైటెక్ సిటీలో ఒక పెద్ద హాలుకు కచేరీ వినడానికి వెళ్ళాను. పేద పిల్లల చదువు కోసం విరాళాలు పోగుచేసే కార్యక్రమం. పాట మధ్యలో దీపాలు ఆరి, నేను మనవరాలి చేయి పట్టుకునేలోపే మళ్ళీ వెలిగాయి. తలుపు దగ్గరి సెక్యూరిటీ ఆయన నా ముఖం చూసి, "పరేషాన్ గాకమ్మా, జనరేటర్ ఉంది ఈడ" అన్నాడు. అప్పటికే నా మనసు విశాఖలో సముద్రం ఒడ్డుకు వెళ్ళిపోయింది.

ఇసుకకు ఆనుకొని, గోడల్లేకుండా స్తంభాల మీద కప్పు మాత్రమే నిలిచిన వినోదశాల ఒకటి అక్కడ ఉండేది. దాని వ్యవహారమంతా మా పెదనాన్న చూసేవారు. పదో తరగతితో నా బడి ఆగిపోయినా, మన తరంలో చాలామందిలాగే గ్రంథాలయమే నా కాలేజీ. కథల నుంచి భూగోళం దాకా చేతికందినదల్లా చదివాను. ఆ ధైర్యంతోనే వేదిక మీద ప్రకటనలు చెప్పే పని అడిగాను. ఆడపిల్లకు అదేం పనని ఇంట్లో అందరూ అంటే, పెదనాన్న మాత్రం ఒక్క కచేరీ చూసి తేలుస్తానన్నారు. ఆ కచేరీ, తుఫానుకు కప్పు లేచిపోయిన జాలరిపేట బడి కోసం.

రెండో పాటలో కరెంటు పోయి మైకు మూగబోయింది. పెట్రోమాక్స్ లైట్లు తెచ్చారు గానీ, వేదిక ఊరివైపు ఉండడంతో, ఎదురుగా కొట్టే సముద్రపు గాలికి గాయని గొంతు ముందు వరుసలు దాటలేదు. వెనకవాళ్ళు చెప్పులు వెతుక్కోసాగారు. విరాళాలు అడిగేది చివరి పాట తర్వాత. జనం వెళ్ళిపోతే బడికి కప్పు లేదు, నాకు పని లేదు.

గాలి వీచే వైపు మాట దూరం పోతుందని ఎప్పుడో చదివాను. గాయనిని సముద్రం వైపు మెట్ల మీద నిలబెట్టి, జనాన్ని అటు తిప్పుదామన్నాను.

"నీ పుస్తకాల గోల ఇప్పుడెందుకే" అన్నారు పెదనాన్న, కానీ అడ్డుపడలేదు.

నేను వేదిక అంచుకొచ్చి, అందరూ దయచేసి లేచి కుర్చీలు సముద్రం వైపు తిప్పుకోమని గొంతెత్తి చెప్పాను.

"టిక్కెట్టు పాటకా అమ్మాయ్, కుర్చీలు మొయ్యడానికా?" అన్నారు ముందు వరుసలోని ఒక పెద్దాయన.

"రెండింటికీనండి."

జనం నవ్వారు, చెప్పులు వెతికేవాళ్ళు ఆగారు. ఆ పెద్దాయనే మొదట తన కుర్చీ ఎత్తారు. పట్టుచీరల వాళ్ళు, ఆఫీసర్లు, అందరూ తమవే కాక పక్కనున్న ముసలివాళ్ళ కుర్చీలు కూడా తిప్పారు. తక్కువ టిక్కెట్టుతో వెనక కూర్చున్నవాళ్ళు ఇప్పుడు అందరికంటే ముందున్నారు. పాట చివరిదాకా వినిపించింది, చివరిదాకా ఎవరూ కదల్లేదు. వానలు పడకముందే బడికి కప్పు వేశారు. ఇంటికొచ్చాక గుమ్మం దగ్గర పెదనాన్న, "ఆదివారం కచేరీకి కాస్త పెందలాడే రా" అన్నారు.

ఆ చోట ఇప్పుడు హోటలుంది. ఇక్కడి హాళ్ళలో పాట ఏ మూల కూర్చున్నా ఒకేలా వినిపిస్తుంది, హాయిగానే ఉంటుంది, కాదనను. కానీ ఆ సాయంత్రం విరాళమిచ్చినవాళ్ళు తర్వాత జాలరిపేట వెళ్ళి కప్పు చూసొచ్చేవారు, ఏళ్ళ తరబడి దాన్ని మా బడి అనేవారు. మొన్న నేనూ మనవరాలి ఫోనులో వేలితో నొక్కి విరాళమిచ్చాను. ఆ పిల్లలు ఏ ఊళ్ళో చదువుతున్నారో అడగాలని ఇంటికొచ్చేదాకా తోచనే లేదు.