ముందు వరుసలో కొత్త చీర

నీళ్ళు తగలని కొత్త బట్ట గంజి వాసన వస్తే నాకు సుగుణ గారు గుర్తుకొస్తారు. వట్లూరులో నా కుట్టు షాపు తలుపు తీయగానే వచ్చేది ఆ వాసనే కనుక రోజూ గుర్తుకొస్తారన్నా తప్పులేదు. గుండుగొలనులో ఆవిడది నాలుగు మిషన్ల షాపు. నా చేత కత్తెర పట్టించింది ఆవిడే. కొలత తప్పితే తిట్టేవారు కాదు. కుట్టంతా విప్పించి, నేను మళ్ళీ కుట్టేదాకా పక్కనే కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకునేవారు. అంతకన్నా నాలుగు తిట్లే నయమనిపించేది.

నేనింకా ఆవిడ షాపులో కుడుతున్న రోజుల్లో, కొల్లేరులో చేపల చెరువుల గట్లు కొట్టేసిన ఏడాది జరిగిందిది. సరస్సు బతకాలని ప్రభుత్వం చేసిన పని, అందులో మంచిచెడ్డలు నేను చెప్పలేను. మా ఆయన ఒక చెరువు మీద కాపలా ఉండేవారు. గట్టుతో పాటు ఆయన పనీ పోయింది. మా పేటలో సగం ఇళ్ళదీ అదే పరిస్థితి. మా ఇంటికి నా కుట్టుకూలి ఒక్కటే ఆధారంగా మిగిలింది. నవంబరులో ఒక ఆదివారం మందిరంలో ఆరాధన అయ్యాక సంఘ పెద్ద లేచారు. "ఈ ఏడు క్రిస్మస్‌కి ఎవరూ కొత్తబట్టలు కుట్టించుకోవద్దండి. లేనివాళ్ళ పిల్లలు చిన్నబుచ్చుకుంటారు. అందరం ఉన్నవే ఉతుక్కుని కట్టుకుందాం," అన్నారు. అందరూ చేతులెత్తారు. నేనూ ఎత్తాను. పిల్లలిద్దరికీ గౌన్లు కొనలేని బాధ తప్పిందని కళ్ళు కూడా తుడుచుకున్నాను.

సుగుణ గారు ఒక్కరే లేచి నిలబడ్డారు. "మీ మనసు మంచిదేనండి. కానీ కొనగలిగినవాళ్ళు కూడా మానేస్తే కుట్టేవాళ్ళకి పనేదండీ? మా షాపులో కుట్టే ముగ్గురూ మీరు జాలిపడే ఇళ్ళవాళ్ళే కదా."

"షాపు మీది కదండీ, అలాగే అంటారు," అని వెనక నుంచి ఎవరో అన్నారు. కొందరు నవ్వారు. ఆవిడ కూర్చున్నారు. నిజం చెప్పాలంటే, ఆవిడది స్వార్థమేనని నాకూ అనిపించింది.

డిసెంబరు మొదటి వారానికి ఆ అభిప్రాయం మారింది. ఏటా ఆ రోజులకి "క్రిస్మస్‌కి ఇంక కుదరదు" అని రాసిన అట్ట గుమ్మానికి కట్టేవాళ్ళం. ఆ ఏడు మూడు మిషన్ల మీద గుడ్డలు కప్పాం. హుక్కులూ దారాలూ తెచ్చే ఆయన గుమ్మంలోంచే వెనక్కి వెళ్ళిపోయాడు. మేం టీలు తెప్పించుకోవడం మానేశాం, ఎదురుగా ఉన్న టీ కొట్టామె పాలు పోయించుకోవడం తగ్గించింది. జాలితో ఎత్తిన చెయ్యి నా పొట్టే కొట్టిందని అప్పుడు తెలిసింది. నాకు పని పోతే మా ఇంట్లో పొయ్యి వెలగదు.

సుగుణ గారు నన్ను వెంటబెట్టుకుని, నెలజీతం వచ్చే ఇళ్ళన్నీ తిరిగారు. స్కూలు మేష్టారి భార్య గుమ్మంలోనే నిలబడి, "కుట్టించుకోవాలనే ఉందండీ. నలుగురూ ఏవనుకుంటారోనని," అన్నారు. అన్ని ఇళ్ళలోనూ అదే మాట.

తిరిగి వస్తూ సుగుణ గారు అన్నారు, "చూశావా రూతూ, డబ్బు లేక కాదు, భయంతో ఆగారు. లేనివాళ్ళు ఆగారంటే అర్థముంది. ఉన్నవాళ్ళూ ఆగితే ఊరంతా ఆగిపోద్ది."

మర్నాడు ఏలూరు వెళ్ళి ఆకుపచ్చ చీర కొనుక్కొచ్చారు. జాకెట్టు ముక్క నా ముందు పెట్టి, "నువ్వు కుట్టు. ఎప్పటి కూలే," అన్నారు. ఆవిడ చేతిపని ముందు నాదెంత?

"కట్టుకుంటే అందరూ అంటారండీ."

"అననీ."

క్రిస్మస్ ఉదయం మందిరం నిండా వెలిసిన రంగులే. ఆడవాళ్ళ వైపు ముందు వరుసలో కొత్త చీరతో ఆవిడ ఒక్కరే కూర్చున్నారు. ఆవిడకి రెండు పక్కలా చాప ఖాళీ. "ఈవిడకి కాస్తయినా జాలి లేదు," అని నా పక్కావిడ గొణిగింది. ఆ జాకెట్టు ఎవరి కూలి కోసం కుట్టించారో ఆ మందిరంలో నా ఒక్కదానికే తెలుసు. తల వంచుకుని పాటల పుస్తకంలోకి చూస్తూ ఉండిపోయాను.

మూడో రోజు మేష్టారి భార్య సంచితో షాపుకి వచ్చారు. "తీర్మానం క్రిస్మస్‌కే కదండీ. జనవరి ఒకటికి కుట్టివ్వగలరా?" అన్నారు. ఆవిడ వెనక ఇంకో ఇద్దరు. సుగుణ గారు నవ్వు ఆపుకుంటూ టేపు అందుకున్నారు. ఆ సాయంత్రానికి నాలుగు మిషన్లూ తిరిగాయి. నా పని నిలబడింది.

ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. గిరాకీ లేదని బజారంతా చేతులు ముడుచుకున్నప్పుడు నేను మాత్రం నా దగ్గర పనిచేసేవాళ్ళని మాన్పించను, వాళ్ళకి టీ తెప్పించడం మాననూ. ఇదంతా ఆవిడ దగ్గర నేర్చుకున్నదే. కానీ ఆ క్రిస్మస్ రోజు నేను కూర్చున్న చోటు నుంచి ముందు వరుసకి పది అడుగులు కూడా లేవు. లేచి వెళ్ళి ఆవిడ పక్కన కూర్చోలేకపోయాను. ఆ సిగ్గు నాకు ఇప్పటికీ పోలేదు.