కృపమ్మ అలికిన మన్ను

పెండ్లయిన చాలా ఏండ్లకు గాని కృపమ్మ కడుపు పండలేదు. కరువొచ్చి ఊరు విడిచామని ఆమె మొగుడు యాకోబు అందరికీ చెప్పేవాడు. కరువు నిజమే. కానీ అత్త నోట రోజూ పడే "గొడ్రాలు" అన్న మాట వినలేకే వాళ్లు చౌటుప్పల్ దిక్కు పల్లె నుంచి పట్నం బస్సెక్కారు. మలక్‌పేటలో ఒక బియ్యం గోదాములో యాకోబుకు హమాలీ పని దొరికింది. మూసీ ఒడ్డున ఇద్దరూ గుడిసె వేసుకున్నారు. ఇక పిల్లలు లేరని మనసు రాయి చేసుకున్న కాలంలో, ఆ గుడిసెలోనే రూతు పుట్టింది.

రూతు వట్టి వాగుడుకాయ. ఉప్పమ్మేవాడు పోతే వాడి గొంతుతో అరిచేది, పాస్టరయ్య ప్రార్థన చేస్తుంటే ఆయనలాగే కండ్లు మూసుకుని చేతులెత్తేది. బస్తీ అంతా దాన్ని చూసి నవ్వేది. కృపమ్మ మాత్రం దిష్టి తగులుతుందని చంక దించేది కాదు.

వానకాలం వస్తే మూసీ గుడిసెల్లోకి వచ్చేది. రూతును నులక మంచం మీద కూర్చోబెట్టి, మంచం కోళ్ల కింద ఇటుకలు పెట్టి, మోకాలి లోతు నీళ్లలో నిలబడి కృపమ్మ ఇటుకల దిమ్మె మీద పొయ్యి రాజేసుకునేది. ఒకసారి మంచం కోడును చుట్టుకుని పాము కనిపించింది. ఆ రోజు నుంచి ఆమెకు ఒకటే కోరిక, నాలుగు గోడల ఇల్లు.

ఆ కోరిక తీరే రోజు వచ్చినట్టే కనిపించింది. ఒడ్డున గుడిసెలన్నీ తీసేసి, ఊరి బయట జాగా కొని అందరికీ గదులు కట్టిస్తామని ఇండ్ల ఆఫీసువాళ్లు వచ్చి చెప్పారు. జాగా దిల్‌సుఖ్‌నగర్ దాటాక ఉంది. అప్పట్లో అది పట్నానికి చివర. రోడ్డుకు రెండు పక్కలా జొన్న చేలు, విజయవాడ పోయే లారీలు, అక్కడొకటి ఇక్కడొకటి కొత్త ఇండ్లు. ఆ చేల మధ్యనే మూతపడిన కార్ఖానా ఒకటి ఉండేది. పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించేవారు. సేటు చనిపోయాక వారసులు దాన్ని చవకగా అమ్మకానికి పెట్టారు. ఆఫీసువాళ్లు చూసిన జాగా అదే.

కొనేముందు నేల చూడడానికి ఆఫీసు పంపిన ఇంజనీరు పేరు వెంకటేశ్వరరావు. తెనాలి దిక్కు మనిషి, పొడుగ్గా, గొడుగు వదలకుండా తిరిగేవాడు. జాగాలో అక్కడక్కడ గుంతలు తీయించి మట్టినీ, బావిలో నీళ్లనూ సీసాల్లో పట్టించాడు. తర్వాత గుడిసెల దగ్గరికి వచ్చాడు.

"ఇండ్లెప్పుడిస్తరు సారూ?" అని కృపమ్మ అడిగింది.

"కొనేముందు ఆ నేల మంచిదో కాదో తేల్చుకోవాలమ్మా. ఇన్నేళ్లు అక్కడ సీసం కరిగించారు. అది మట్టిలోకి దిగి ఉంటే పెద్దవాళ్ల కంటే పిల్లలకు ప్రమాదం. పరీక్షకు పంపించాం. నాలుగు నెలలు ఓపిక పట్టండి."

"నాలుగు నెలలంటే వానలొస్తయి గద సారూ! గీ పొల్లను ఏడ పండవెట్టాలె?"

ఆయన మంచం మీద కూర్చున్న రూతును చూశాడు. గొడుగు మడిచి వెళ్లిపోయాడు.

ఇంతలో అరవై తొమ్మిది ముంచుకొచ్చింది. బడులు మూతపడ్డాయి, బస్సులు తగలబడ్డాయి, ఏ సందులో చూసినా జై తెలంగాణ. బస్తీకి పెద్దమనిషిలాంటి రిక్షా జంగయ్య కొడుకు దశరథ కాలేజీలో చదివేవాడు. ఊరేగింపుకు పోయాడు, తూటా తగిలి శవమై తిరిగొచ్చాడు. కొడుకును మట్టి చేసి వచ్చాక జంగయ్య రిక్షా ముట్టలేదు. ఒకనాడు బస్తీ నడుమ నిలబడి నిప్పులు చెరిగాడు.

"నా కొడుకు పానం ఇచ్చిండు. మనకు రావల్సిన ఇండ్లు గా ఆంధ్ర సారు ఆపిండు. పరీక్షలంట! ఏం పరీక్షలు? మనోళ్లకు ఇల్లు దక్కుడు వానికి ఇష్టం లేదు."

కడుపు కాలిన తండ్రి మాటకు ఎదురు చెప్పేదెవరు? బస్తీ మొత్తం ఆఫీసుకు కదిలింది. రూతును చంకనేసుకుని కృపమ్మ కూడా పోయింది. వెంకటేశ్వరరావు మెట్ల మీదకు వచ్చి చేతులు జోడించాడు. "ప్రయోగశాల బందుల వల్ల మూతపడింది. తెరవగానే ఫలితం వస్తుంది. దయచేసి తొందరపడొద్దు" అన్నాడు. కేకల్లో ఆ మాట సగం మందికి వినపడలేదు. కృపమ్మకు వినపడింది. అందరి కంటే ముందుకు పోయి ఆమె గొంతెత్తింది.

"నీ పిల్లలు మిద్దెల పంటున్నరు సారూ, నీకేం తొందర ఉంటది? నా బిడ్డ మూసీ నీళ్లల్ల కొట్కపోతే నువ్వు తెచ్చిస్తవా?"

జనం ఈలలు వేశారు. ఆయన తలొంచుకున్నాడు.

ఆ వారమే ఆయన ఉండే ఇంటి మీద రాళ్లు పడ్డాయి. వేసినవాళ్లెవరో బస్తీలో అందరికీ తెలుసు, ఎవరూ అడగలేదు. భార్యాపిల్లలను తీసుకుని ఆయన తెనాలి వెళ్లిపోయాడు. పేదోళ్లకు ఇండ్లిస్తే ఊరు కొంత సల్లబడుతుందని పై అధికారులు అనుకున్నారు. పరీక్షకు పోయిన సీసాల సంగతి మళ్లీ ఎత్తినవాడు లేడు. జాగా కొన్నారు, వరసగా గదులు లేపారు. గోడలు లేచాయి గాని నేల గచ్చు చేయలేదు, గోడలకు పూత వేయలేదు. అవి మీరే చేసుకోండన్నారు.

అయినా కృపమ్మ గడపలో కాలు పెట్టి మోకరించి ఏడ్చింది. తడవని ఇల్లు! మరుసటి రోజే గంప తీసుకుని గదుల వెనక్కి పోయింది. కార్ఖానా బట్టీ ఉన్న చోట మన్ను బూడిదరంగులో, పిండిలా మెత్తగా, రాయీరప్పా లేకుండా ఉంది. అలుకుడుకు ఇంతకంటే మంచి మన్ను ఉండదనుకుంది. సారు చెప్పిన సీసం సంగతి ఆ సంబరంలో ఆమెకు గుర్తే రాలేదు. పేడతో కలిపి నేల అలికింది, గోడలు పూసింది. మిగిలిన ఆడవాళ్లు చూసి ముచ్చటపడి వాళ్లూ తవ్వుకున్నారు. ఆ ఏటి క్రిస్మస్‌కు కాగితం నక్షత్రం కట్టి, గడప ముందు ముగ్గు పెట్టి, వచ్చిన వాళ్లందరికీ బెల్లం చాయ్ పోసింది. ఆమె బతుకులో అంత సంతోషం అంతకు ముందు లేదు, ఆ తర్వాతా లేదు.

రూతు గోడ గీకి మన్ను తినేది. ఒకనాడు చూసి కృపమ్మ వీపు మీద ఒకటి వేసింది.

"మన్నెందుకే తింటున్నవ్?"

"తియ్యగున్నదమ్మా" అంది రూతు, నోటి చుట్టూ బూడిదరంగుతో.

కృపమ్మ నవ్వింది. మన్ను తినని పిల్లలెక్కడున్నారు? రూతు కడుపులో ఉన్నప్పుడు తనూ దొంగచాటుగా మన్ను తిన్నదే.

ఎండాకాలం వచ్చేసరికి పిల్ల పాలిపోయింది. కడుపు పట్టుకుని ముడుచుకునేది. నులిపురుగుల మందు తాగించారు, తగ్గలేదు. పాస్టరయ్య నూనె రాసి ప్రార్థన చేశాడు. అన్నిటికంటే కృపమ్మను భయపెట్టింది ఇంకొకటి. రూతు మాటలు మరచిపోతున్నది. ఉప్పమ్మేవాడు వచ్చినా పలకలేదు. అమ్మను చూసి ఏదో చెప్పబోయి, ఆ మాట దొరక్క ఏడ్చేది.

తొలకరి పడిన రోజు ఫిట్స్ వచ్చాయి. యాకోబు పిల్లను భుజానేసుకుని మలక్‌పేట దవాఖానకు పరుగెత్తాడు. అక్కడి డాక్టరమ్మ రక్తం తీయించి, మీరెక్కడ ఉంటారని అడిగింది. కార్ఖానా జాగా అని చెప్పగానే ఆమె ముఖం మారింది. రక్తం పరీక్ష వచ్చాక తనే మంచం దగ్గరికి వచ్చి కూర్చుంది.

"పిల్ల ఒంట్ల సీసం చేరింది తల్లీ. మన్ను గిట్ల తింటదా?"

"తింటది. గోడ గీకి తింటది." కృపమ్మ తన చేతులను చూసుకుంది. "గా గోడ నేనే పూసిన డాక్టరమ్మా. నా చేతులతోనే పూసిన."

డాక్టరమ్మ ఆమె చేయి పట్టుకుంది. చేయగలిగిందంతా చేశారు. రూతు మళ్లీ కండ్లు తెరవలేదు. అయిదో ఏడు నిండకుండానే పోయింది. పెట్టె మూసేటప్పుడు కృపమ్మ పిల్ల గోళ్ల సందుల్లో ఇంకా మిగిలిన మన్నును కొంగుతో తుడుస్తూ కూర్చుంది. ఆమెను లేపడానికి నలుగురు కావలసి వచ్చింది.

సమాధి దగ్గర నుంచి వచ్చినాక గడ్డపార తీసుకుని నేల తవ్వడం మొదలుపెట్టింది. పిచ్చి పట్టిందేమోనని యాకోబు ఆపబోయాడు. ఆమె ముఖం చూసి ఆగిపోయాడు, కాసేపటికి తనూ గోడ గీకడానికి కూర్చున్నాడు. తర్వాత ఆమె ఇల్లిల్లూ తిరిగింది. మన్ను తీసేయండి, పిల్లలను దవాఖానలో చూపించండని బతిమాలింది. కొందరు విన్నారు. జంగయ్య కోడలు సైదమ్మ తలుపు దగ్గరే నిలబెట్టి అంది, "నీ బిడ్డ పోయిందని మా ఇండ్లు తీపిస్తవా అక్కా? మళ్ల మూసీల పడాల్నా?" మొగుడు దశరథ చనిపోయేనాటికి సైదమ్మ చంటిపిల్లతో ఉంది. ఇప్పుడా పిల్ల గోడ పట్టుకుని నడుస్తున్నది. కృపమ్మ ఆ పిల్ల చేతుల వైపు చూస్తూ వెనుదిరిగింది.

ఊళ్లో గొడవ సద్దుమణిగాక వెంకటేశ్వరరావు పనిలోకి తిరిగొచ్చాడని తెలిసింది. కృపమ్మ ఒక్కతే ఆఫీసుకు పోయింది. ఆయన గుర్తుపట్టాడు.

"పాప బాగుందా అమ్మా?" అన్నాడు.

ఆమె గోడకు ఆనుకుని నేల మీద కూర్చుని, రూతు సంగతి చెప్పింది. విషయం తెలిశాక ఆయన కూడా కుర్చీ విడిచి ఆమె ఎదుట నేల మీద కూర్చున్నాడు. కండ్లద్దాలు తీసి కండ్లు తుడుచుకున్నాడు.

"నీ మాట వినలే సారూ. పది మందిల నిన్ను తిట్టిన."

"బిడ్డ నీళ్లల్లో ఉంటే ఏ తల్లయినా అంతేనమ్మా. మీకు అర్థమయ్యేదాకా చెప్పకుండా నేనే పోయాను. రాళ్లకు భయపడి పోయాను."

"నా బిడ్డ ఇగ రాదు. ఇంకా పిల్లలున్నరు. వాళ్లనన్న చూడు."

ఆయన చూశాడు. మళ్లీ మట్టి పరీక్ష చేయించాడు, డాక్టరమ్మను బస్తీకి తెచ్చాడు. చాలామంది పిల్లల్లో సీసం తేలింది. సైదమ్మ బిడ్డకూ ఉంది, కానీ తొందరగా పట్టుకున్నారు గనుక బతికింది. వేరే జాగా కోసం ఆయన ఆఫీసులో ఏండ్ల తరబడి పోరాడాడు. చివరికి విజయవాడ రోడ్డు మీద ఇంకాస్త ముందు, ఇప్పుడు ఎల్బీ నగర్ అంటున్న చోట ఒక చేను చూశారు. ఈసారి పరీక్ష ఫలితం వచ్చాకే కొన్నారు. ఎవరూ తొందరపెట్టలేదు.

లారీ వచ్చిన రోజు కృపమ్మ గడపలోనే కూర్చుండిపోయింది. రూతు తిరిగిన ఇల్లు ఇదొక్కటే మిగిలింది. అది దాన్ని చంపిన ఇల్లే అయినా, వదిలిపెట్టి పోవడానికి కాళ్లు రాలేదు. జంగయ్య వచ్చి ఆమె ముందు నిలబడ్డాడు. కొడుకు పోయినాక వంగిన నడుము ఇంకా వంగింది. 

"చెల్లే... నేనే గదా అందర్ని తోల్కపోయింది..."

కృపమ్మ తలెత్తి ఆయన్ను చూసింది. ఆయన మీద కోపం తెచ్చుకోవాలని ఎన్నో దినాలు చూసింది. రాలేదు.

"నీ కొడుకు పోయిండు, నా బిడ్డ పోయింది" అంది. "ఇగ ఎవర్ని ఏమనాలె జంగన్నా? జర చెయ్యియ్యి, లేస్త."

ఆయన చేయి పట్టి లేపాడు. ఇద్దరూ కలిసి నులక మంచాన్ని లారీ మీదికి ఎక్కించారు.