నేను పాడుచేసిన గోలెం నీళ్ళు

మా చిన్నతనంలో యానాంలో ఎండలు ముదిరాయంటే సముద్రపు పోటుకి గోదారి నీళ్ళు ఉప్పగా అయిపోయేవి... బావులూ అంతే. అందుకే మా నాయనమ్మ వానాకాలంలో చూరు కింద తాటిదోనె పెట్టి, పెంకుల మీది నీటిని పెద్ద గోలెంలోకి పట్టి, గుడ్డ కట్టి దాచేది.

ఆ నీళ్ళు తాగడానికే. పక్కింటి నూకాలు చేపలమ్ముకునేది. ఆవిడ చంటిపిల్లాడికి ఉప్పునీళ్ళు పడేవి కావు. అందుకని రోజూ ఒక చెంబెడు ముంచుకోమని నాయనమ్మే చెప్పింది.

ఒక నియమం ఉండేది... మొదటి వాన నీళ్ళు పట్టకూడదు. పెంకుల మీది కాకిరెట్టలూ, దుమ్మూ, ఎండబెట్టిన చేపల పొలుసులూ అన్నీ ముందు కొట్టుకుపోవాలి.

నాకప్పుడు ఎనిమిదేళ్ళు. నాయనమ్మ మెట్టకూరు వెళ్ళిన రోజు మధ్యాహ్నం ఆ ఏడు మొదటి వాన జోరున పడింది. గోలెం నిండితే నాయనమ్మ మెచ్చుకుంటుందని గుడ్డ విప్పి, దోనె అటు తిప్పాను... నూకాలు వాళ్ళ గుమ్మంలో నిలబడి చూస్తూనే ఉంది. వద్దని కేకేసింది గానీ నేను వినిపించుకోలేదు. వాన వెలిశాక దోనె పక్కకి తిప్పి, గుడ్డ ఎప్పటిలా కట్టేశాను.

మూడో రోజు నాయనమ్మ వచ్చి గుడ్డ తీసేసరికి గుప్పున నీచు వాసన. అప్పుడే చెంబు పట్టుకొచ్చిన నూకాలుని నిలదీసింది.

"నీచు చేత్తో ముంచావటే నూకాలూ?"

"లేదండి అమ్మగారూ... చెయ్యి కడుక్కునే ముంచుతానండి."

"మరి నీళ్ళకి ఈ కంపు ఎక్కణ్ణించొచ్చింది? ఇంకెప్పుడూ మా గోలెం జోలికి రాకు."

నూకాలు ఒక్కసారి నా వైపు చూసింది. నా పేరు చెప్పలేదు. దెబ్బలు పడతాయని భయపడి నేనూ నోరు మెదపలేదు. ఖాళీ చెంబుతో వెళ్ళిపోయింది.

అసలు వానలు నెల తర్వాత గానీ రాలేదు. ఆ నెలంతా నూకాలు పిల్లాణ్ణి చంకనేసుకుని మంచినీళ్ళ కోసం ఎండలో పక్కూరు అడవిపొలం దాకా నడిచింది. నేను అరుగు మీద కూర్చుని చూసేదాన్ని... తలొంచుకునేదాన్ని. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

ఇప్పుడు నేనుండే అపార్టుమెంటులో డాబా మీది వానంతా మురుగుకాలవలోకి పోతోంది. ఎండాకాలం వస్తే ట్యాంకర్లు కొనుక్కుంటున్నాం. వాన నీళ్ళు పట్టే ట్యాంకు కట్టించమని మీటింగుల్లో అరిచేది నేనే. "ఇవన్నీ మీకెలా తెలుసండీ?" అని అడుగుతారు. మా నాయనమ్మ నేర్పిందంటాను... నూకాలు సంగతి ఎవరికీ చెప్పలేదు. నూకాలు పోయి కూడా చాలా ఏళ్ళయింది.

మీ చిన్నప్పుడు మీరూ ఇలా నోరు మూసుకుని, వేరేవాళ్ళ మీద నింద పడనిచ్చారా? అలాంటిదేమైనా ఉంటే కింద రాయండి... నేనొక్కదాన్నే కాదని తెలిస్తే కాస్త నయంగా ఉంటుంది.